దక్షిణాపథపు ఉక్కు: చరిత్ర పరిశోధకుల గుణదోషములు

మన తెనుగున 'ఉక్కు' అను మాటకు రెండర్థములు గలవు. ఒకటి లోహము, రెండవది బలము, పౌరుషము. శత్రువుల ఉక్కణచుట, ఓడినవాని ఉక్కడగుట మన కావ్యభాషలో పరిపాటియైన పలుకుబళ్ళు. ఒక లోహము పేరు మానవుని సత్త్వమునకును పేరై నిలుచుటకు ఆ జాతికి ఆ లోహముతో చిరపరిచయ ముండవలెనని తలంచుట తప్పు కాదు. అట్టి పరిచయము మనకు కలదనుటకు పాతకొలుముల చిట్టెపు దిబ్బలే సాక్ష్యము. కాని ఆ ఉక్కు చరిత్ర పుస్తకములకెక్కినది మాత్రము పరభాషలలో, పరదేశములలో. గడచిన రెండువందల ముప్పది యేండ్లుగా లండను, పారిసు, ఉరలు పర్వతప్రాంతము, అమెరికా మొదలగు చోట్ల విద్వాంసులు దక్షిణాపథపు ఉక్కును గూర్చి వ్రాసిరి. ఇటీవల మనదేశమువారును వ్రాయుచున్నారు. ఈ వ్రాతలన్నియు ఒక్క విలువ గలవి కావు. కొందఱు చూడక వ్రాసిరి. కొందఱు చూచియు సగమే వ్రాసిరి. మఱికొందఱు అభిమానముచే ఉన్నదానికి లేనిదానిని జేర్చిరి.

ఉక్కు తయారగు విధమును వర్ణించుట ఈ వ్యాసమునకు ప్రధానోద్దేశము కాదు. దానిని గూర్చి వ్రాసిన పరిశోధకుల వ్రాతలను తూచి, వానిలో నిలువదగినదేది, విడువదగినదేది యని విచారించుట ఉద్దేశము. కర్ణాటక, తమిళనాడు మొదలగు సీమలలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి ఈ విచారణ మిక్కిలి సమీపమైనది. ఏలయన ఈ చరిత్ర ఒక్క భాషాప్రాంతమునకు కట్టువడినది కాదు. ఉత్తర తెలంగాణము, మైసూరు, సేలము, దక్షిణార్కాటు - ఈ నాలుగు సీమల కొలుములును ఇందు పాలుగొన్నవి.

౧. పేరును గూర్చిన తగవు

పాశ్చాత్యులు ఈ ఉక్కును 'వూట్జ్' అని పిలుచుచున్నారు. ఈ మాట అచ్చులో మొదట కనబడినది క్రీ.శ. 1795 వ సంవత్సరమున, లండను రాయల్ సొసైటీ పత్రికలో జార్జి పియర్సన్ అను వైద్యుడు ప్రకటించిన వ్యాసమున. బొంబాయిలో నున్న హెలెనస్ స్కాట్ అను వైద్యుడు, రాయల్ సొసైటీ అధ్యక్షుడైన సర్ జోసెఫ్ బ్యాంక్సునకు ఆ ఉక్కు ముద్దలను పంపగా, బ్యాంక్సు వానిని పరీక్షకై పియర్సన్‌కు ఇచ్చెను. ఈ మాట ఏ భాషలోనిదని అడిగినచో తేటయైన జవాబు చిరకాలము దొరకలేదు. 1886 లో యూల్, బర్నెల్ అనువారు తమ 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువున, ఇది 'వూక్' అను దానిని తప్పుగా చదువుటచే పుట్టియుండుననియు, ఆ వూక్ కన్నడపు 'ఉక్కు' అగుననియు ఊహించిరి. తరువాతివారిలో పెక్కుమంది దీనినే సిద్ధాంతముగ గైకొనిరి.

ఇందు రెండు విషయములు గమనింపవలెను. మొదటిది, యూల్, బర్నెల్ వ్రాసినది ఊహ. ఊహ యని వారే ఒప్పుకొనిరి. తరువాతి గ్రంథకర్తలు ఆ 'యుండును' అను మాటను జాఱవిడిచి, నిశ్చయముగ చెప్పసాగిరి. చరిత్ర రచనలో ఇట్టి జాఱుపాట్లు చిన్నవిగ దోచును. కాని ఊహ మూడు పుస్తకములు దాటగనే వాస్తవమై కూర్చుండును. రెండవది, ఉక్కు కన్నడమునకును తెనుగునకును సమానమైన మాట. తమిళమున కరగుటను దెలుపు 'ఉరుకు' ధాతువుతో దీనికి చుట్టరికము గలదని ద్రావిడ భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున ఈ మాట మాదే యని కన్నడిగులతో తగవుపడుట తెలుగువానికి తగదు; మాదే యని కన్నడిగులనుటయు తగదు. కరగించుటయే ఈ ఉక్కు ప్రాణము. ఆ కరగించుట మాటలోనే యున్నదని మూడు భాషలును సాక్ష్యమిచ్చుచున్నవి. దీనికన్న పెద్ద వారసత్వమును వేఱొకదానిని కోరనేల?

౨. చూడక వ్రాసినవారు

పియర్సన్ సామాన్యుడు కాడు. ఉక్కును ఆమ్లములలో కరగించి చూచెను, కాచి చూచెను, సాన పట్టించి చూచెను. జేమ్స్ స్టోడార్ట్ అను కత్తుల పనివాడు ఆతనికి దోడ్పడెను. ఇంగ్లీషు ఉక్కుకంటె ఇది గట్టిదనియు, పనిముట్లకు శ్రేష్ఠమనియు తేలెను. ఇంతవఱకు పియర్సన్ గుణము. పిమ్మట ఆతడు ఈ ఉక్కు ఎట్లు పుట్టినదో నిర్ణయింప బూనెను. ఇది ముడిరాతి నుండి నేరుగ పుట్టినదనియు, నడుమ మెత్తని యినుమై యుండలేదనియు తేల్చెను. ఈ నిర్ణయము తప్పు. మన కమ్మరులు ముందుగ ఇనుపరాతిని కొలిమిలో కాచి యినుమును దీసి, ఆ యినుమును మూసలో నుంచి కరగించి ఉక్కు చేసిరి. లండను బల్లపై నున్న ముద్దను ఎంత పరీక్షించినను అది పుట్టిన కొలిమి కనబడదు. పదార్థమును పరీక్షించుట వేఱు, పనిని ఎఱుగుట వేఱు అను భేదమును పియర్సన్ పాటింపడయ్యెను.

1805 లో డేవిడ్ ముషెట్ మఱికొన్ని పరీక్షలు చేసెను. ఆ పిమ్మట ఈ చరిత్రలో ప్రవేశించినవాడు మైకేల్ ఫారడే. విద్యుచ్ఛాస్త్రమున జగత్ప్రసిద్ధుడైన ఈ మహనీయుడు కమ్మరి కుమారుడను సంగతి మనవారు పెక్కండ్రు ఎఱుగరు. స్టోడార్టుతో గూడి ఫారడే 1820, 1822 సంవత్సరములలో ఉక్కు మిశ్రమములను గూర్చి వ్యాసములు ప్రకటించెను. దక్షిణాపథపు ఉక్కునకు ఆ గుణము అల్యూమినియ మూలకముచే గలిగెనని తలంచి, అట్టి మిశ్రమముల జేసి చూచెను. ఆ తలంపు నిలువలేదు. పారిసు టంకశాలలో నుండిన బ్రేయాన్ 1820 ప్రాంతపు సంవత్సరములలో ప్రయోగములు చేసి, అసలు కారణము అధికమైన కర్బనమని కనిపెట్టెను. రష్యాలో ఆనొసోవ్ జ్లాటొఊస్టు కార్ఖానాలో ఏండ్లకొలది శ్రమించి, తన ఫలితములను 1841 లో ప్రకటించెను.

ఫారడే పొరపడెనని చెప్పుట ఆతని తక్కువచేయుట కాదు. ఆతని పొరపాటు కూడ ఫలించినది. ఇనుమునకు ఇతర లోహములను గలిపి గుణములను మార్చవచ్చునను మార్గమును ఆ ప్రయోగములు యూరపులో తెఱచినవి. మిశ్రమ ఉక్కుల శాస్త్రమునకు ఆది చెప్పుచోట చరిత్రకారులు ఫారడే పేరు చెప్పుదురు. ఆ ప్రయోగములకు ప్రేరణ నొసగిన ముద్ద ఎచ్చటి కొలిమిలో పుట్టెనో చెప్పువారు అరుదు.

ఇంగ్లీషు కమ్మరులు ఈ ఉక్కును సాగగొట్టలేక, ఇది పొడిపొడియై పోవునని ఫిర్యాదు చేసిరి. దీనికి కారణము ఇప్పుడు స్పష్టము. సాధారణమైన ఉక్కులో కర్బనము నూటికి ఒక పాలునకు లోపుగ నుండును. దీనిలో సుమారు ఒకటిన్నర పాలు. దీనిని తెల్లగ మండునట్లు కాచి సమ్మెటతో గొట్టిన విచ్చిపోవును. ఎఱ్ఱని కాకలోనే, ఓర్పుతో, మెల్లగ సాగదీయవలెను. పారశీక, భారత దేశముల కమ్మరులకు ఇది తెలియును. తెలియనివాని చేతిలో చెడినంతమాత్రమున లోహము చెడ్డది కాదు.

౩. కన్నులార చూచినవారు

చూచి వ్రాసినవారి వ్రాతలకు వేఱొక విలువ గలదు. పదునేడవ శతాబ్దిలోనే ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే, పారశీకులు కత్తులపై జలరేఖలు దేర్చుటకు పనికివచ్చు ఉక్కు గోలకొండ రాజ్యమునుండి వచ్చునని వ్రాసెను. 1666, 1667 సంవత్సరములలో మనదేశమున దిరిగిన తెవెనో ఇందల్వాయిలో కత్తులు, బాకులు, ఈటెలు విరివిగ చేయబడుటను, అవి దేశమంతట అమ్ముడుపోవుటను తెలిపెను. ఇందల్వాయి ఇప్పటి నిజామాబాదు జిల్లాలోనిది. అదే శతాబ్దిలో డచ్చి వర్తకులు కోరమాండలు తీరమునుండి ఇనుమును, ఉక్కును కొని బటావియాకు పంపుచుండిరి. ఈ మూడు సాక్ష్యములును వర్తకుని దృష్టితో గూడినవి. సరకెచ్చట దొరకును, ఎవరు కొందురు అనునంతవఱకే వాని చూపు. కొలిమి గడప దాటి లోనికి బోలేదు.

లోనికి బోయినవారిలో ముగ్గురు నలుగురిని ముఖ్యముగ చెప్పవలెను. డాక్టరు బెంజమిన్ హైనే 1795 లో కృష్ణామండలమున నూజివీటి ప్రాంతములోని రమణక్కపేట ఇనుపకొలుములను జూచి వ్రాసెను. కఱవునకు ముందు ఆ యూరు కొలుములతో కళకళలాడెననియు, తన కాలమునకు క్షీణించెననియు ఆతడు తెలిపెను. ఆ యొక్క వాక్యము గొప్పది. పరిశ్రమ చావునకు కారణములను వెదకువారు సీమసరకును మాత్రమే నిందింతురు. కఱవు పాలును దానిలో గలదని హైనే సాక్ష్యము.

ఫ్రాన్సిస్ బుకానన్ 1800, 1801 లలో మైసూరు సీమ దిరిగి, తన యాత్రాగ్రంథమును 1807 లో ప్రకటించెను. ఉక్కు చేయు మూసలను, కొలుములను వర్ణించుటయే కాక, చన్నపట్టణమున వాద్యములకు ఉక్కుతీగలు తీయుటను గూడ ఆతడు గమనించెను. కత్తిని మాత్రమే చూచు చరిత్రకారులకు ఈ తీగ ఒక మందలింపు. వీణె మీటిన వేలికి తగిలినదియు ఆ ఉక్కే.

మూడవవాడు హెన్రీ వెస్లీ వాయిసీ. లాంబ్టన్ నడపిన మహాత్రికోణమితి సర్వేలో వైద్యుడుగ, భూగర్భశాస్త్రజ్ఞుడుగ నుండి, 1824 లో ఆతడు చనిపోయెను. కోనసముద్రమున ఉక్కు చేయుటను గూర్చిన ఆతని వ్రాత 1832 లో, అనగా మరణానంతరము, బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. కొన్ని పుటలు మాత్రమే. కాని దీనికి సాటి వచ్చునది వేఱొకటి లేదు. రెండు తావుల యినుమును మూడుపాళ్ళు, రెండుపాళ్ళుగ గలిపి మూసలలో నుంచుట. ఒక పగలు ఒక రేయి ఎడతెగక తిత్తులు నూదుట. చల్లారిన ముద్దకు మట్టిపూసి పలుమాఱులు కాచి మెత్తపఱచుట - ఇవన్నియు ఆతడు వ్రాసెను. ఆ రెండు తావులలో ఒకటి 'మిర్ట్‌పల్లి', మఱియొకటి 'కొండపూర్' అని ఇంగ్లీషు వ్రాతలో గలదు. మొదటిది మెట్‌పల్లి యగునని తోచుచున్నది. ఇంగ్లీషు అక్షరములలో చిక్కుపడిన మన యూళ్ళ పేర్లను విప్పుటకు తెలుగు చెవి కావలెను. ఇట్టి చిన్న పనులలోనైనను మనవారు పూనుకొనవలెను.

నాలుగవవాడు జోసయా మార్షల్ హీత్. కంపెనీ ఉద్యోగము వదలి, తమిళదేశపు తీరమున పరంగిపేటలో ఇనుప కార్ఖానా స్థాపించిన సాహసి. 1839 లో ఆతడు రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో భారతదేశపు ఇనుమును, ఉక్కును గూర్చి వ్రాసెను. మెత్తని యినుప తునకలను, తంగేటి యెండుకట్టెను మూసలో నుంచి, పైన జిల్లేడు మున్నగు ఆకులను కప్పి, మట్టితో మూతివేసి కాచుట ఆతడు చూచిన విధము. యూరపులో ముషెట్ 1800 లో పొందిన హక్కుపత్రము, చార్లెస్ మెకింటాష్ 1825 లో పొందిన హక్కుపత్రము - ఈ రెంటి సూత్రములును ఈ కమ్మరి పనిలో నంతకుముందే యిమిడియున్నవని హీత్ నిష్పక్షపాతముగ చెప్పెను. పరుని విద్యను ఇట్లు మెచ్చినవాడు ఆ కాలమున అరుదు. మాంగనీసును గూర్చి ఆ యేటనే తాను పొందిన హక్కుపత్రము షెఫీల్డు వ్యాపారులకు అపారలాభము చేకూర్చగా, దానికై వ్యాజ్యములాడి యాడి హీత్ 1851 లో దరిద్రుడై మరణించెను. ఇతరుల పనికి న్యాయమైన కీర్తి నిచ్చినవాడు తన పనికి న్యాయము పొందలేకపోయెను.

౪. రెంటిని ఒకటిగ గలిపిన దోషము

హీత్ చెప్పిన విధమున, మూసలను సుమారు రెండున్నర గంటలు ఊదిన చాలును. వాయిసీ చెప్పిన విధమున ఒక పగలు, ఒక రేయి ఊదవలెను. ఒకచోట ఇనుమును కట్టెతో, ఆకుతో గూర్చిరి. వేఱొకచోట రెండు విధములైన యినుములను గూర్చిరి. ఈ భేదము చిన్నది కాదు. రెండున్నర గంటలలో ముగియు పనికి కావలసిన బొగ్గు వేఱు, కూలి వేఱు, మూసమట్టి తాళవలసిన బిగువు వేఱు. మెల్లగ చల్లారిన ముద్దలో కర్బనము కూడుకొను తీరు వేఱు; ఆ తీరునుబట్టియే కత్తిపై రేఖలు తేలును.

ఐనను గడచిన శతాబ్దమున వెలువడిన పెక్కు గ్రంథములలో 'భారతీయుల ఉక్కు విధానము' అని ఒక్కటే వర్ణన కనబడును. హీత్ నుండి తంగేటి కట్టెను, వాయిసీ నుండి కోనసముద్రము పేరును, తావెర్నియే నుండి గోలకొండను తీసికొని ఒక్క కుండలో వండుదురు. ఈ వంట రుచికరము. కాని చరిత్ర కాదు. ఒక సీమ కమ్మరి ఎఱిగినది వేఱొక సీమ కమ్మరి ఎఱుగకపోవచ్చును, లేదా ఎఱిగియు తన మట్టికి, తన రాతికి, తన గిరాకికి తగినట్లు మార్చుకొనవచ్చును. ఈ భేదములను చెఱిపివేయుట పరిశోధన కాదు.

ఇచ్చట వాయిసీ చెప్పిన మూడుపాళ్ళ, రెండుపాళ్ళ లెక్కకు వత్తు. ఒక్క తావు ఇనుము చాలదని, రెండింటిని కలుపవలెనని, అదియు ఈ పాళ్ళలోనే యని కోనసముద్రపు పనివారు ఎట్లు నిర్ణయించిరి? ఇది గాలివాటున తగిలినది కాదు. తప్పుచు, దిద్దుకొనుచు, తండ్రి కొడుకునకు చెప్పుచు వచ్చిన లెక్క. దీనిని శాస్త్రమనుటకు సందేహించువారు లెక్కను, పరీక్షను, పునఃపరీక్షను మించి శాస్త్రమునందు ఇంకేమి కలదో చెప్పవలెను.

౫. అభిమానము వలని దోషము

పరాయివారి తప్పులను చూపుట సులభము. మనవారి తప్పులను చూపుట కష్టము. కాని విమర్శకుని తక్కెడ ఒక్కటిగనే యుండవలెను.

1971 లో ధర్మపాల్ పదునెనిమిదవ శతాబ్దపు భారతదేశ శాస్త్రసాంకేతికములను గూర్చిన సంకలనము ప్రకటించెను. హైనే మొదలగువారి మఱుగుపడిన వ్రాతలను ఒక్కచోట జేర్చి మనకందిచ్చిన ఆ గ్రంథమునకు మనము ఋణపడియున్నాము. కాని దాని పీఠికలో, దేశమంతట పదివేల కొలుము లుండియుండవచ్చుననియు, ఒక్కొక్కటి ఏటికి ఇరువది టన్నుల యినుము తీయగలదనియు ఒక లెక్క గలదు. ఇది శక్యమైన పరిమాణపు ఊహ. జరిగిన ఉత్పత్తి కాదు. కొలిమి వానకు ఆగును, బొగ్గు లేమికి ఆగును, కఱవునకు ఆగును. ఆగుటయే కాదు, కఱవునకు అణగిపోవునని హైనేయే చెప్పెను గదా. ఐనను తరువాతి ఉపన్యాసకులు ఆ రెండంకెలను గుణించి, ఏటికి రెండులక్షల టన్నులు తీసిరని సభలలో ఘోషించిరి. వారు పొగడిన గ్రంథములోని హైనే వ్రాతయే వారిని ఖండించుచున్నది.

2006 లో జర్మనీలోని డ్రెస్డెను విద్వాంసులు పదునేడవ శతాబ్దపు కత్తి నొకదానిని పరీక్షించి, దానిలో అతిసూక్ష్మమైన కర్బన నాళికలు గలవని 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. వెంటనే మన పత్రికలలో, మన పూర్వులకు నానో సాంకేతికము తెలియునని వార్తలు వెలువడెను. ఇందు రెండు పొరపాటులు. ఆ కత్తి అసదుల్లా అను పారశీకపు పనివానిది. ఉక్కు మన సీమనుండి పోయియుండవచ్చును; కత్తి గొట్టిన చేయి ఆతనిది. రెండవది, వస్తువులో ఒక నిర్మాణ ముండుట వేఱు, చేసినవానికి ఆ నిర్మాణము తెలియుట వేఱు. పాలు తోడుపెట్టిన గృహిణి సూక్ష్మజీవశాస్త్రము నెఱిగెనని చెప్పము. కాని తోడెంత, వెచ్చనెంత, వేళయెంత యని ఆమె ఎఱుగును. ఆ యెఱుక తక్కువది కాదు. కమ్మరి యెఱుకయు అట్టిదే. దానికి పరదేశపు క్రొత్తపేరు తగిలించినగాని గౌరవము రాదనుకొనుట మన హీనభావమునకే గుఱుతు.

మూడవ పొరపాటు, తెల్లదొరలు ఒక్క ఆజ్ఞతో మన ఉక్కును నిషేధించిరనుట. చెప్పువారు ఆజ్ఞ పాఠమును చూపరు. నిజము ఇంతకంటె కఠినమైనది. 1856 లో బెస్సెమర్ ప్రకటించిన విధముచే ఉక్కు ధర పడిపోయెను. సీమనుండి చౌక యినుము వచ్చెను. 1865, 1878 అటవీ శాసనములు, 1882 మద్రాసు అటవీ శాసనము అడవిని సర్కారు చేతికిచ్చెను. బొగ్గు కమ్మరికి దుర్లభమయ్యెను. ఒక్క దెబ్బకు చావక, ఒక్కొక్క యూపిరియే తగ్గి, కొలిమి ఆరిపోయెను. ఒక దొంగను చూపి తృప్తిపడుటకన్న ఇట్టి కారణపరంపరను తెలిసికొనుట మేలు.

౬. నూతన పరిశోధకులు

గడచిన అఱువది, డెబ్బది సంవత్సరములలో ఈ చరిత్రకు మంచి దినములు వచ్చినవి. సిరిల్ స్టాన్లీ స్మిత్ 1960 లో ప్రకటించిన లోహనిర్మాణశాస్త్ర చరిత్రలో, ఈ ఉక్కు రేఖలను అర్థము చేసికొను ప్రయత్నమే యూరపువారిని లోహముల లోనిర్మాణమును చూచుటకు పురికొల్పెనని నిరూపించెను. అనగా మన మూసలోని ముద్ద వారి శాస్త్రమున కొక ప్రశ్నయై నిలిచెను.

థెల్మా లో అను అమెరికను విదుషి కోనసముద్రపు మూసపెంకులను పరీక్షించి, మట్టిలో కలిపిన వరియూక కాలి, దాని కర్బనమును సిలికాయును మూసకు తీవ్రమైన వేడిమిని తాళు బలము నిచ్చెనని 1990 ప్రాంతమున తెలిపెను. ఈ పరిశోధన నాకు మిక్కిలి ప్రియమైనది. ఊక పారవేయదగిన వస్తువు. 'ఊకదంపుడు' అని వ్యర్థప్రసంగమునకు పేరు. ఆ ఊకయే జగత్ప్రసిద్ధమైన ఉక్కును కడుపున మోసిన మూసకు ప్రాణము. ఉక్కును పరీక్షించినవారు నూర్గురు. మూసను పరీక్షింప దోచినవారు కొందఱే.

బెంగుళూరు విద్వాంసులు శారదా శ్రీనివాసన్, ఎస్. రంగనాథన్ గార్లు ఈ ఉక్కును గూర్చి 2004 లో ప్రకటించిన గ్రంథము మనదేశపు వ్రాతలలో తలమానికము. దక్షిణార్కాటులోని మేల్‌సిఱువలూరులో శారదా శ్రీనివాసన్ గారు మూసల అవశేషములను గుర్తించి 1990 తరువాతి దశకమున ప్రకటించిరి. వర్తకులుగాని దొరలుగాని వ్రాయని తావులోను ఉక్కు పుట్టెనని దీనివలన దేలెను. 2010 లో బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థయు, ఇంగ్లండులోని ఎక్సిటరు విశ్వవిద్యాలయమును గూడి ఉత్తర తెలంగాణమున ఊరూర దిరిగి చిట్టెపు దిబ్బలను, మూసపెంకులను నమోదుచేసిరి. బల్లపై ముద్దనుంచుకొని ఊహించిన పియర్సన్ నుండి, ఎండలో పొలము గట్టున పెంకు లేఱిన ఈ పరిశోధకుల వఱకు రెండువందల యేండ్ల దూరము. దూరమంతయు విద్యయే.

అమెరికాలో జాన్ వెర్‌హోవెన్ అను ఆచార్యుడును, ఆల్ఫ్రెడ్ పెండ్రే అను కమ్మరియు గూడి, ఉక్కులో అత్యల్పముగ నున్న వెనేడియము మొదలగు మూలకములే రేఖలకు మూలమని 1998 లో ప్రకటించిరి. అట్టి మూలకములు గల రాతిగనులు తీరిపోవుటచే విద్య నశించియుండునని వారి ఊహ. కోనసముద్రపు రెండు యినుముల కలయికకు ఈ సిద్ధాంతముతో ఏమైన సంబంధము గలదా యను ప్రశ్న పరీక్షింపదగినది. జవాబు ఏదైనను, ప్రశ్న తెలుగునేలది.

౭. పేరు లేని కమ్మరి

వెర్‌హోవెన్, పెండ్రేల వ్యాసమున నన్ను నిలిపినది వెనేడియము కాదు, రచయితల పేర్లు. గుఱ్ఱములకు లాడములు గొట్టు పనితో జీవనము సాగించిన పెండ్రే పేరు విశ్వవిద్యాలయపు ఆచార్యుని పేరు ప్రక్కన శాస్త్రపత్రికలో అచ్చుపడెను. పని చేసినవాడు రచయిత యయ్యెను.

ఇప్పుడు వాయిసీ వ్రాతను మఱల చదువుడు. కోనసముద్రమున ఉక్కు కొనుటకై ఇస్ఫహాను నుండి వచ్చి కూర్చున్న పారశీక వర్తకుని పేరు అందు గలదు. హాజీ హుసేను అట. తమదేశమున ఈ విధానమును అనుకరింప జూచి విఫలులైరని ఆతడు చెప్పిన మాటయు గలదు. కాని ఎవని విద్యను అనుకరింపలేకపోయిరో ఆ కమ్మరి పేరు లేదు. ఆతడు వాయిసీకి ఎదుటనే నిలిచియుండును. అడిగినదానికి తెనుగున జవాబు చెప్పియుండును. మూడుపాళ్ళు, రెండుపాళ్ళు అని లెక్క చెప్పినవాడు ఆతడే కాక మఱెవరు? లెక్క చరిత్ర కెక్కెను. చెప్పిన నోరు ఎక్కలేదు.

ఇది వాయిసీ యొక్కని దోషము కాదు. మన రసశాస్త్ర గ్రంథములు ఇనుమును ముండము, తీక్ష్ణము, కాంతము అని విభజించి, మూషల భేదములను వర్ణించినవి. మన 'మూస' ఆ 'మూష' నుండి వచ్చినదే. ఆ గ్రంథకర్తల పేర్లు మనకు దెలియును. మూస చేసినవాని పేరు వారును వ్రాయలేదు.

గనుల చరిత్రయు నిట్లే నడచినది. కోలారు బంగారుగనులను గూర్చి వ్రాయువారు 1802 లో లెఫ్టినెంటు జాన్ వారెన్ చేసిన పరిశీలనను, 1880 నుండి జాన్ టేలర్ కంపెనీ నడపిన తీరును, 1902 లో శివనసముద్రము నుండి వచ్చిన విద్యుత్తును, మూడు కిలోమీటరులు దాటిన లోతును, 2001 లో గనులు మూతపడుటను వరుసగ చెప్పుదురు. వారెన్ అచ్చటికి పోవునప్పటికే గ్రామస్థులు మట్టి కడిగి బంగారు తీయుచుండిరి. ఆతనికి దారి చూపినవారు వారే. ఆ లోతునకు దిగినవారిలో తమిళులును తెలుగువారును పెక్కుమంది. 1998 లో జానకీ నాయర్ గనికార్మికులను గూర్చి గ్రంథము వ్రాయువఱకు ఆ మనుష్యులు చరిత్రలో కూలిపట్టీ యంకెలుగనే యుండిరి.

౮. ముగింపు

1966 లో విశాఖ ఉక్కు కార్మాగారము కొఱకు తెలుగువారు ఉద్యమించి ప్రాణములర్పించిరి. నేటికిని ఉక్కు అనగనే మనకు విశాఖ తోచును, కోనసముద్రము తోచదు. ఆ కోనసముద్ర మున్న మండలము పేరు కమ్మర్‌పల్లి. పేరులో కమ్మరి నిలిచియున్నాడు. మన తలంపులో లేడు.

విమర్శ తప్పులెన్నుటతో ముగియరాదు. చిట్టెపు దిబ్బలు నాగళ్ళక్రింద, ఇండ్లక్రింద, దారులక్రింద మాయమగుచున్నవి. వానిని కాపాడుట ప్రభుత్వముల పని, విద్వాంసుల పని. కాని మాటలను కాపాడుట మన పని. కొలిమి, తిత్తి, మూస, దాగలి, సమ్మెట, పట్టకారు, చిట్టెము - ఇవి నిఘంటువులలో దొరకును. దొరకనివి ఎన్నియో యుండును: కాక ఎంత యెక్కినదో తెలుపు మాటలు, నిప్పు రంగుల పేర్లు, లోహము చెడినప్పటి పేర్లు. యంత్రములతో పరీక్షించినవారు వీనిని వినలేదు, ఏలయన వారికి తెనుగు రాదు. కర్ణాటకమునగాని, తమిళనాడునగాని, ఒడిశా, మహారాష్ట్రములలోగాని కమ్మరపు ఇండ్లు మన సమాజమున నున్నవి. పనివిడిచి ఎన్ని తరములైనను, ఏ ముసలివాని నాలుకపైననో ఆ మాటలు మిగిలియుండవచ్చును. అడిగి వ్రాసికొనుడు, వ్రాసికొనునపుడు చెప్పినవాని పేరు ముందుగ వ్రాయుడు.

రెండువందల యేండ్లక్రిందట వాయిసీ మఱచినది అదియొక్కటియే.